నలభై మూడో ఫారం

కిందటివారం గువ్వ స్టోరు గదిలో నేలమీద చతికిలబడి, ఒళ్ళో పాత ఫారాల కట్ట పెట్టుకుని, నలభై మూడో ఫారం వంక రెప్పవేయకుండా చూస్తూ ఉండగా మనం బయటికి వచ్చేశాం. ఆ ఫారంలో ఇంటి యజమాని గడిలో ఉన్నది ఆమె తండ్రి పేరు. "ఈ వీధి ఖాళీ చేసి వెళ్ళడానికి మీకు సమ్మతమేనా?" అన్న ప్రశ్న ఎదుట "సమ్మతమే" అని టిక్కు. దాని కింద ఒక సంతకం. తండ్రి సంతకం గువ్వకు నిద్రలో చూపించినా గుర్తుపడుతుంది. ఇది ఆయనది కాదు.

ఈ వారమే కథలోకి అడుగుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. గువ్వ యూనివర్సిటీలో సామాజిక మార్పు అధ్యయన విభాగంలో పరిశోధన చేస్తోంది. ఇంట్లో పిలిచే పేరే అక్కడా అంటుకుంది. ఇరవై ఏడేళ్ళ కిందట రంగుల మిల్లు వెనక ఉన్న వీధిని పడగొట్టేముందు, అక్కడివాళ్ళకు ఇష్టమో కాదో ఇల్లిల్లూ తిరిగి అడిగింది ఆ విభాగమే. నూట పద్దెనిమిది ఇళ్ళలో ఎనభై నాలుగు సరేనన్నాయని రిపోర్టు వచ్చింది. ఆ రిపోర్టు చేతపట్టుకునే ప్రభుత్వం వీధిని నేలమట్టం చేసి, జనాన్ని ఊరి చివర కొత్త బ్లాకులకు తోలింది. గువ్వ పుట్టింది ఆ బ్లాకుల్లోనే. "మా వీధి ఎన్నడూ సరే అనలేదు, ఎవరో దొంగరాతలు రాశారు" అంటూ ఆమె తండ్రి ఇరవై ఏళ్ళు అర్జీలు పెట్టి పెట్టి, ఆ బాధతోనే పోయాడు. ఇప్పుడు మిల్లు మూతపడింది. ఆ వీధి నేల తిరిగి ఇప్పించమని ఆయన తమ్ముడు, అంటే గువ్వ బాబాయి, వీధి సంఘం తరఫున కోర్టుకెక్కాడు. నాటి రిపోర్టు రాసిన పరిశోధకురాలే నేడు విభాగాధిపతి. గువ్వకు గైడు కూడా ఆ ప్రొఫెసరే.

నలభై మూడో ఫారం చూశాక గువ్వ ఊరుకోలేదు. కట్టంతా విప్పి ఒక్కో సంతకం పక్కపక్కన పెట్టి చూసింది. ఎనభై నాలుగు సమ్మతాల్లో ముప్పై ఒక్కటి ఒకే చేతి రాత. పిల్లలు కొత్తగా అక్షరాలు దిద్దినట్టు, ఒక పక్కకు ఒరిగిపోయిన గీతలు. "ముప్పై ఒక్క సంతకాలు విభాగంలోనే తయారయ్యాయి" అని తన వ్యాసంలో రాసేసింది. సారాంశం అచ్చయి అందరికీ వెళ్ళిపోయింది. సెమినారు ఇవాళే, మధ్యాహ్నం మూడు గంటలకు.

పొద్దున పదిన్నరకు ప్రొఫెసర్ గదికి రమ్మని కబురొచ్చింది.

ఆ విభాగం గురించి విద్యార్థులు ఒక మాట అనుకుని నవ్వుకుంటూ ఉంటారు: సామాజిక మార్పు విభాగంలో మార్పు సిలబస్‌లో తప్ప ఇంకెక్కడా కనిపించదని. గోడలకు అదే రంగు, అవే చెక్క కుర్చీలు, ఆరేళ్ళుగా పావుతక్కువ నాలుగు చూపిస్తున్న అదే గడియారం. ఇవాళ గువ్వకు ఆ గడియారం చూసినా నవ్వు రాలేదు. తలుపు తోసింది.

ప్రొఫెసర్ కిటికీ దగ్గర నిలబడి ఉంది. బల్లమీద గువ్వ వ్యాసం. ఎప్పుడూ మార్జిన్ల నిండా ఎర్ర ఇంకు పులిమి ఇచ్చే మనిషి, ఈసారి ఒక్క గీత పెట్టలేదు.

"కూర్చో."

"పర్లేదు మేడమ్."

"కూర్చోమ్మా. నీతో పోట్లాడ్డానికి పిలవలేదు."

గువ్వ కూర్చోలేదు. ఈవిడ ముందు కూర్చుని ఎన్ని సాయంత్రాలు గడిపింది! ఫీల్డుకి వెళ్ళేటప్పుడు నోట్సు ఎలా రాసుకోవాలో, ఎదుటి మనిషి మాట ఆపినప్పుడు తొందరపడి ఇంకో ప్రశ్న ఎందుకు వేయకూడదో, అన్నీ ఈవిడ నేర్పినవే. బ్లాకుల పిల్ల అని తెలిసి తెలిసి తన కింద చేర్చుకుంది. దొంగసంతకాలు పెట్టిన మనిషి ఆ వీధి పిల్లనే ఎందుకు చేరదీసిందన్నది వారం రోజులుగా గువ్వకు కొరుకుడుపడని సంగతి. పాపభయమేమో అనుకుంది చివరికి.

"సెమినారు ఒక వారం వెనక్కి జరుపుకుంటావా?" అని అడిగింది ప్రొఫెసర్.

"ఎందుకు మేడమ్? నేను రాసింది తప్పా?"

"తప్పని నేను అనలేదు."

"అయితే ఒప్పేనా?"

ఆవిడ బల్ల దగ్గరికి వచ్చి, వ్యాసం మూసి, దానిమీద అరచెయ్యి ఆనించింది. "ఆ ఫారం మీ అమ్మకి చూపించావా?"

గువ్వకు ఒళ్ళు మండిపోయింది. "మా నాన్న సంగతి చాల్లేదా మేడమ్? మా అమ్మని ఇందులోకి లాగకండి."

ప్రొఫెసర్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "నీ వ్యాసం ఆపమని చెప్పను. ఆపే హక్కు నాకు లేదు. మూడింటికి ముందు ఒక్కసారి ఆమెని కలిసి రా. అంతే నేను అడిగేది."

"కలవకపోతే?"

"కలవకపోతే నువ్వు రాసింది రాసినట్టు చదువు. నేను నోరెత్తను."

ఆ మాట బెదిరింపులా లేదు. అందుకే గువ్వకు భయం వేసింది.

* * *

పెద్దాసుపత్రి వెనక, బాయిలరు గదికి ఆనుకుని లాండ్రీ. గువ్వ తల్లి పదిహేనేళ్ళుగా అక్కడే పనిచేస్తోంది. లోపలికి అడుగుపెట్టగానే ఆవిరి ముఖాన కొడుతుంది, బ్లీచింగు ఘాటుకు ముక్కుపుటాలు చురచురలాడతాయి. నాలుగు పెద్ద మిషన్లు ఒకటే గోల. వాటి అవతల, వరసగా బల్లల మీద ఆరిన దుప్పట్లు గుట్టలు గుట్టలు. దుప్పటి మడత పెట్టడం ఇద్దరి పని. ఇవాళ తల్లికి జోడీగా ఉండే ఆమె సెలవు పెట్టింది. ఒక్కతే అవస్థ పడుతోంది.

కూతుర్ని చూడగానే తల్లి ముఖం విప్పారింది. "ఇదేంటే, ఇవాళ నీ మీటింగు కదా? తిన్నావా?"

"తిన్నాను," అంది గువ్వ. అబద్ధం.

"తిన్న ముఖం అలా ఉండదు. సరే, ఆ కొస పట్టుకో. సూపర్‌వైజరు చూస్తే ఖాళీగా నిలబడ్డానని సణుగుతాడు."

గువ్వ సంచీ పక్కన పెట్టి దుప్పటి కొసలు పట్టుకుంది. ఇద్దరూ చెరో వైపు లాగారు. దులిపారు. సగానికి మడిచారు. తల్లి నాలుగడుగులు వేసి తన కొసలు కూతురి చేతుల్లో పెట్టి, కింద వేలాడుతున్న మడత అందుకుని మళ్ళీ వెనక్కి వెళ్ళింది. చిన్నప్పుడు సెలవుల్లో వచ్చి నేర్చుకున్న పనే. చేతులు మరిచిపోలేదు.

మూడు దుప్పట్లు అయ్యాక గువ్వ సంచీలోంచి ఫోటోకాపీ తీసి బల్లమీద పెట్టింది. "అమ్మా, ఇది చూడు. నాన్న పేరు మీద ఎవరు సంతకం పెట్టారో తెలియాలి. మేడమ్ నిన్ను అడిగి రమ్మంది."

తల్లి చేతులు కొంగుకు తుడుచుకుని కాగితం దగ్గరికి వంగింది. చదవడానికి కళ్ళజోడు కావాలి ఆమెకు. ఇప్పుడు దాని కోసం వెతుక్కోలేదు. కాగితం మీద ఒక్క చూపు పడిందో లేదో నిటారుగా లేచి నిలబడింది.

"ఇంకా ఉన్నాయా ఇవి?" అంది. "ఎప్పుడో కాల్చేసి ఉంటారనుకున్నాను."

"అమ్మా?"

"ఇంకో దుప్పటి తియ్యి."

"అమ్మా, ఎవరిది ఆ సంతకం?"

"నాదే."

పక్కనే మిషను దడదడలాడుతోంది. తను సరిగ్గా వినలేదేమో అనుకుంది గువ్వ. "నీ రాత నాకు తెలీదా? నీది ఇలా ఉండదు."

"ఎడమచేత్తో పెట్టాను. కుడిచేత్తో అయితే మీ నాన్న చూసిన మరుక్షణం పట్టేస్తాడని." తల్లి గుట్టలోంచి తనే ఇంకో దుప్పటి లాగి, రెండు కొసలు కూతురి వైపు విసిరింది. "పట్టుకో. అందరూ ఇటే చూస్తున్నారు."

గువ్వ యాంత్రికంగా పట్టుకుంది. తెల్లటి గుడ్డ ఇద్దరి మధ్యా పొడవుగా సాగింది.

"ఈ ఒక్కటే కాదు," అంది గువ్వ. "ఇదే రాతతో ముప్పై ఒక్క ఫారాలున్నాయి."

"ఉంటాయి. అన్నీ నేనే పెట్టాను. మా అందర్లో రాయడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే."

"మా అందర్లో అంటే?"

"ఆడవాళ్ళం. కుళాయి దగ్గర కలిసేవాళ్ళం." తల్లి దుప్పటి దులిపింది. "నువ్వు వీధి చూడలేదు. మీ నాన్న, మీ బాబాయి చెప్పింది విన్నావు. అరమరికల్లేని మనుషులూ, సాయంత్రం పూట ఆటలూ, పాటలూ. అవన్నీ నిజమే, నేను కాదనను. కుళాయి సంగతి మాత్రం వాళ్ళు చెప్పి ఉండరు. మిల్లులో ఆ వారం ఏ రంగు అద్దితే మా కుళాయిలో ఆ రంగు నీళ్ళు. వడకట్టి కాచేవాళ్ళం. కాస్తే రంగు పోతుందా? నీకంటే ముందు పుట్టినవాడు పదకొండు నెలలు బతికాడు. ఎదురింట్లో ఇద్దరు పోయారు. మీ పిన్నికి ఒకడు. మగవాళ్ళకు తెల్లారి లేస్తే మిల్లే కదా, మిల్లుని ఏమనగలరు? 'మన రాత' అనేవాళ్ళు. వీధి ఖాళీ చేస్తారని తెలిశాక పనివాళ్ళు దూరమవుతారని వద్దన్న ఆ మిల్లుతోనే చేతులు కలిపి, కదిలేది లేదని మీటింగులు పెట్టారు. సరే అన్నవాడు ద్రోహి అని గోడలమీద రాశారు. రాయించింది మీ నాన్నే."

గువ్వకు ఒక అన్న ఉండేవాడని తెలుసు. ఎలా పోయాడో ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనుకోగా వినలేదు.

"అప్పుడొచ్చింది మీ మేడమ్. నీ ఈడే ఉంటుంది. ఒక గొడుగు, ఒక ఫారాల సంచీ. మగవాళ్ళు పనికెళ్ళిన వేళ వచ్చి గడప మీద కూర్చుని అడిగేది. నేను సమ్మతమే అని చెప్పాను. 'మీరు చెబితే చెల్లదండీ, ఇంటి యజమాని సంతకం కావాలి' అంది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. 'నీళ్ళు మోసేది నేను, వండి పెట్టేది నేను, పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని రాత్రుళ్ళు కూర్చున్నది నేను. నా మాట ఎందుకు చెల్లదో చెప్పి కదులు' అన్నాను. పాపం, ఏం చెబుతుంది? రెండ్రోజులు ఇటువైపు రాలేదు. మూడోరోజు వచ్చి, ఫారాలు గడప మీద పెట్టి, కాళ్ళు కడుక్కుని వస్తానని కుళాయి దాకా వెళ్ళింది. వెళ్ళి చాలాసేపు రాలేదు."

"ఆవిడకి తెలిసే..."

"తెలుసు. తెలిసే వదిలి వెళ్ళింది. తిరిగొచ్చి ఫారాలు లెక్క చూసుకుని సంచీలో పెట్టుకుంది. ముప్పై ఒక్కమందిమి ఆమె చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకున్నాం, ఎవరికీ చెప్పనని. చెప్పలేదన్నమాట ఇన్నేళ్ళూ." తల్లి గొంతులో మొదటిసారి తడి పలికింది. "నేను నమ్మలేదే. చదువుకున్నవాళ్ళు కదా, ఎక్కడో ఒకచోట రాసేస్తుందనుకున్నాను."

గువ్వ దుప్పటి వదిలేసింది. అది ఇద్దరి మధ్యా నేలమీద కుప్పకూలింది.

"నాన్న ఇరవై ఏళ్ళు అర్జీలు పెట్టాడు! ఎవరో తన సంతకం దొంగిలించారని ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. ఆ అర్జీలన్నీ రాసిపెట్టింది నువ్వే కదమ్మా? రోజూ పక్కన కూర్చుని, ఆయన చెబుతుంటే, మొత్తం నువ్వే రాశావు కదా? నీకు నోరెలా..."

"రాశాను," అంది తల్లి. "అర్జీలో ఉన్నది ఆయన మాట. ఆయన చెప్పింది చెప్పినట్టు, ఒక్క అక్షరం మార్చకుండా రాశాను. ఫారంలో ఉన్నది నా మాట."

"ఆయన చచ్చిపోయేటప్పుడైనా చెప్పాల్సింది."

"అప్పుడే చెప్పాలనుకున్నాను. ఆసుపత్రిలో, ఇదే ఆసుపత్రిలో, నా చెయ్యి పట్టుకుని 'నువ్వొక్కదానివే నా వైపు నిలబడ్డావు' అన్నాడు. ఆ తరవాత ఏం చెప్పమంటావు?"

ఆమె వంగి దుప్పటి తీసింది. నేల తగిలింది కాబట్టి మళ్ళీ ఉతకాలి. పక్కనున్న మాసిన బట్టల బండిలో పడేసి, కూతురి ఎదురుగా వచ్చి నిలబడింది.

"కొత్త బ్లాకులు స్వర్గమని నేననను. లిఫ్టు లేదు, మీ నాన్నకి పనికి రెండు బస్సులు మారాల్సి వచ్చింది, ఇరుగూ పొరుగూ చెల్లాచెదురయ్యారు. అవన్నీ నా వల్లే అని ప్రతి రోజూ అనుకున్నాను. ఒక్క సంగతి చెబుతా విను. సంతకం పెట్టేనాటికి నువ్వు నా కడుపులో రెండో నెల. రెండోసారి కూడా ఆ కుళాయి నీళ్ళే కాచి పట్టడం నా వల్ల కాలేదు."

గువ్వకు కోపం ఎటు పోయిందో తెలీలేదు, పోయిన చోట మరేమీ మిగల్లేదు. మెల్లిగా అంది, "ఇప్పుడు నన్నేం చేయమంటావు? విభాగమే దొంగసంతకాలు పెట్టిందని అచ్చేశాను. అందరికీ పంపాను. బాబాయి ఇరవైమందిని వెంటబెట్టుకుని వస్తున్నాడు."

"నా పేరు చెప్పు. నాకేం? మీ నాన్న లేడు, నన్నెవరేం చేస్తారు?" అంటూనే తల్లి తల అడ్డంగా ఊపింది. "కాదు, ఆగు. చెప్పకూడదు. నువ్వే అన్నావు కదా, ముప్పై ఒక్కటీ ఒకే రాత అని. నాదని తెలిస్తే మిగతా ముప్పై ఇళ్ళూ బయటపడతాయి. కొందరికి మొగుళ్ళు ఇంకా ఉన్నారే. అందరూ మీ నాన్నలా మాటతో ఊరుకునేవాళ్ళు కారు."

"నలభై నాలుగో ఫారం," అంది గువ్వ ఉన్నట్టుండి. బాబాయి వాళ్ళ ఇల్లు తమ ఇంటి పక్కదే, ఆ ఫారంలోనూ ఇదే రాత.

తల్లి కళ్ళు దించుకుంది. "మొదట సరేనన్నది మీ పిన్నే. నాకు ధైర్యం చెప్పింది కూడా అదే."

* * *

సెమినారు హాలుకి గువ్వ చేరేసరికి మూడుకి ఐదు నిమిషాలు తక్కువ. బస్సులో ఏ స్టాపులు దాటిందో గుర్తులేదు. దారిపొడవునా ఒకే లెక్క. నిజం చెబితే తల్లితో పాటు ముప్పై మంది ఆడవాళ్ళు వీధిన పడతారు, బాబాయి కేసు నీరుగారిపోతుంది. చెప్పకపోతే మేడమ్ ఉద్యోగం, ఇన్నేళ్ళ పేరు మట్టిలో కలుస్తాయి. ఎటు తిప్పినా ఒకరి మెడమీదే కత్తి పడుతోంది. ఫీల్డువర్కు పాఠాల్లో ఇలాంటివాటికి ఒక అధ్యాయం ఉంది. పరీక్షలో దానికి మంచి మార్కులే వచ్చాయి ఆమెకు.

ముందు వరస నిండా వీధి సంఘం మగవాళ్ళు. ఇస్త్రీ చొక్కాలు, నున్నగా దువ్విన తలలు. పెళ్ళికి వచ్చినట్టు వచ్చారు. బాబాయి లేచి ఎదురొచ్చి గువ్వ తలమీద చెయ్యి పెట్టాడు.

"మీ నాన్న ఉండి ఉంటే ఇవాళ గర్వంతో ఉబ్బిపోయేవాడు తల్లీ. భయపడకు. మేమంతా నీ వెనకే ఉన్నాం."

ఆయన పక్క కుర్చీలో పిన్ని ఉంది. ఆమె ఇలాంటి చోట్లకు ఎప్పుడూ రాదు. గువ్వను చూసి నవ్వబోయింది, నవ్వు రాలేదు. లాండ్రీ నుంచి అమ్మ ఫోను చేసిందని ఆ ముఖం చూస్తేనే తెలిసిపోతోంది.

వేదిక పక్కన ప్రొఫెసర్. గువ్వను ఒక్కసారి తేరిపార చూసి, అడగాల్సిన ప్రశ్నకు అక్కడే సమాధానం దొరికినట్టు తల పంకించింది. ఆవిడ పక్కన వేరే యూనివర్సిటీ నుంచి వచ్చిన పరీక్షకుడు, గువ్వ వ్యాసంలో పేజీలకు రంగు కాగితాలు అంటించుకుని కూర్చున్నాడు. ఓ మూల బల్ల దగ్గర గుమాస్తా మినిట్స్ రాయడానికి పెన్ను విదిలిస్తున్నాడు.

గువ్వ మొదలుపెట్టింది. వీధి చరిత్ర చెప్పింది, మిల్లు గురించి చెప్పింది, తరలింపు తరవాత ఎవరు ఎక్కడికి చెదిరిపోయారో చెప్పింది. సంతకాల అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి నాలుగు పేజీలు ఒక్కసారిగా తిప్పేసింది. ఎవరూ గమనించరనుకుంది.

"ఒక్క నిమిషం," అన్నాడు పరీక్షకుడు. రంగు కాగితం ఉన్న పేజీ తెరిచాడు. "అసలు విషయం వదిలేశారు. ముప్పై ఒక్క సంతకాలు ఒకే చేతి రాత అన్నారు, విభాగంలోనే తయారయ్యాయన్నారు. చాలా పెద్ద ఆరోపణ. ఎవరు పెట్టారు?"

"అది ఇంకా... పూర్తిగా తేలలేదండీ."

"తేలకపోవడమేంటి తల్లీ?" బాబాయి సగం లేచాడు. "నువ్వే రాశావు కదా! మా లాయరు దగ్గర కాపీ కూడా ఉంది. చెప్పు, భయమెందుకు?"

వెనకనుంచి ఇంకో ఇద్దరు గొంతు కలిపారు. పరీక్షకుడు చెయ్యెత్తి వాళ్ళను ఆపి, ప్రొఫెసర్ వైపు తిరిగాడు. "క్షమించాలి, అడగక తప్పదు. ఆ రోజుల్లో ఈ ఇళ్ళకు ఫారాలు తీసుకుని వెళ్ళింది మీరొక్కరేనా?"

"నేనొక్కదాన్నే," అంది ప్రొఫెసర్. లేచి నిలబడింది. ఒకసారి గువ్వ వైపు, ఒకసారి పిన్ని వైపు చూసింది. చూసినట్టు ఇంకెవరికీ తెలియనంత కొద్దిగా. "మీకు శ్రమ అక్కర్లేదు. ఆ సంతకాలు పెట్టింది నేనే."

హాలు ఒక్కసారిగా భగ్గుమంది. కుర్చీలు జరిగాయి, ఎవరో బల్ల చరిచారు, ఎవరో "ఇరవై ఏడేళ్ళు!" అని అరిచారు. బాబాయి రెండు చేతులూ పైకెత్తి అన్న పేరు పట్టుకుని ఏదో అంటూ ఏడ్చేస్తున్నాడు. విద్యార్థులు కొయ్యబారిపోయి చూస్తున్నారు. ఆ గోలలో ప్రొఫెసర్ నెమ్మదిగా కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంది.

పరీక్షకుడు చాలాసేపు బల్లమీద పెన్నుతో కొట్టాకగానీ సద్దు మణగలేదు. "రాసుకోండి," అన్నాడు గుమాస్తాతో. తరవాత గువ్వతో, "మీ గైడు ఒప్పుకున్నారు. మీ పరిశోధనలో తేలింది కూడా ఇదేనా? వివరణలు తరవాత. ముందు అవునో కాదో ఒక్క ముక్క చెప్పండి. ఇది కోర్టు దాకా వెళ్ళే కాగితం."

అవును అంటే చాలు. నాన్న గెలుస్తాడు, బాబాయి గెలుస్తాడు, అమ్మ భద్రంగా ఉంటుంది. మేడమ్ తనే దారి తెరిచి పెట్టింది. ఆ రెండు కళ్ళూ అవునను, అవునను అని బతిమాలుతున్నాయి. గువ్వ మైకు ముందుకు వంగింది. గడప మీద ఫారాలు వదిలి కుళాయి దాకా నడిచి వెళ్ళిన ఒక ఆడపిల్ల ఎందుకో కళ్ళముందు మెదిలింది.

"కాదు," అంది.

బాబాయి ముఖంలో ఏడుపు ఆగిపోయింది. ప్రొఫెసర్ కళ్ళు మూసుకుంది.

"కాదా?" పరీక్షకుడు కళ్ళజోడు పైనుంచి చూశాడు. "మరెవరు?"

గువ్వ నోరు తెరిచింది. ఏ పేరూ రాలేదు. ముందు వరసలో ఒక కుర్చీ కిర్రుమంది. పిన్ని లేచి నిలబడింది.

బాబాయి ఆమె మణికట్టు పట్టుకుని కిందికి లాగాడు. "కూర్చో. మధ్యలో నిన్నెవరడిగారు?"

పిన్ని కూర్చోలేదు.